పడిగాపుల పెద్దాయన

కరెంటు ప్లగ్గుకి తగిలించిన ఏ వస్తువునీ ఒంటరిగా వదిలి కదలకపోవడం ఆ పెద్దాయనకున్న ఒకే ఒక్క జబ్బు. మిగతా విషయాల్లో ఆయన మామూలు మనిషే. చొక్కా గుండీలు సరిగ్గానే పెట్టుకునేవాడు, పేపరు మొదటి పేజీ నుంచే చదివేవాడు, భార్య తిడితే వినపడనట్టే ఉండేవాడు. కానీ ఇంట్లో ఎవరైనా ఫోను ఛార్జింగ్ పెట్టారంటే చాలు, గుండ్రటి ఇనప స్టూలొకటి ఈడ్చుకొచ్చి దాని ముందు కూర్చునేవాడు. ఆస్పత్రిలో రోగి మంచం పక్కన కూర్చున్నట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, అది నిండేదాకా అలాగే ఉండేవాడు. బిల్డింగులో వాళ్లంతా ఆయనకి పడిగాపుల పెద్దాయన అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. "తప్పేముంది, చేసే పనే కదా" అన్నాడు.

కోడలికి ఈ సంగతి కాపురానికి వచ్చిన రోజే తెలిసింది. కొత్త కోడలు, కొత్త చీర, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గుమ్మం పక్కన ఒదిగి నిలబడి ఉంది. మావగారు గదిలోంచి తల బయటికి పెట్టి, "అమ్మాయ్, ఒక్కసారి ఇలా వచ్చి కూర్చో. నేను లోపలికి వెళ్ళి రావాలి. ఈ ఫోను వంక చూస్తూ ఉండు, చాలు" అన్నాడు.

"ఏం చూడాలి మావయ్యా?"

"ఏమీ కాకుండా ఉందో లేదో చూడాలి."

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఏమీ కాలేదు. చుట్టాలంతా వచ్చి పలకరించి వెళ్తుంటే ఆమె మాత్రం ఫోను వంకే చూస్తూ జవాబులు చెప్పింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ముఖం ఎటు తిప్పుకోవాలో అన్న బాధే లేకపోయింది. ఆయన తిరిగి వచ్చేసరికి భోజనాల వేళయింది. లోపలికి వెళ్ళి రావడానికి అంతసేపు పట్టే మనిషిని ఆమె మొదటిసారి చూసింది.

దీనికంతటికీ మూలం ఆయన చేసిన ఉద్యోగం. ఎలక్ట్రిక్ బండి బజారులోకి రావాలంటే ముందు బ్యాటరీనీ, ఛార్జరునీ, బండినీ కలిపి పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ పరీక్షలు చేసే ల్యాబులో ఆయన పనిచేశాడు. అక్కడ బ్యాటరీని పెట్టని హింస ఉండదు. ఎత్తు నుంచి పడేస్తారు, నీళ్లలో ముంచుతారు, గడగడలాడించే బల్ల మీద పెడతారు, వేడి పెట్టెలో మగ్గబెడతారు, వద్దన్నా వినకుండా కరెంటు ఎక్కిస్తారు. మందపాటి గాజు ఇవతల ఒక మనిషి కూర్చుని, అది ఎప్పుడు ఉబ్బింది, ఎప్పుడు పొగ వదిలింది చూస్తూ ఉండాలి. ఆ మనిషి ఈయన. మధ్యలో లేచాడంటే పరీక్ష చెల్లదు, మళ్లీ మొదటి నుంచి. అందుకని ఆకలినీ, దగ్గునీ, మిగతావాటినీ ఆపుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. రిటైరయ్యే రోజున గుర్తుగా ఏం కావాలని అడిగితే, నా స్టూలు ఇచ్చెయ్యండి అన్నాడట.

"అందరి మొగుళ్లూ రిటైరయితే భార్యని తీసుకుని ఊళ్లు తిరుగుతారు. నా మొగుడు స్టూలు పట్టుకుని ఇంటికొచ్చాడు" అనేది అత్తగారు.

ఆ స్టూలు మీద కూర్చోని మనిషి బిల్డింగులో లేడు. ఎందుకంటే ఆయనకి ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వెళ్లాల్సి వచ్చేది, వెళ్లాలంటే తన చోట ఎవరో ఒకరు కూర్చోవాలి. మీటరు చూడటానికి వచ్చినతను, ఎండలో వీధులన్నీ తిరిగి వాడిపోయి వచ్చినవాడు, ఒకసారి దొరికిపోయాడు. రెండు నిమిషాలని కూర్చోబెట్టి పెద్దాయన లోపలికి పోతే, అతను పంచలో చల్లగాలికి సాయంత్రందాకా పెద్దాయన కొడుకు బండి బ్యాటరీని చూస్తూ కూర్చున్నాడు. మొగుడితో పోట్లాడి, ఇక ఈ గడప తొక్కనని పెట్టె సర్దుకుని దిగిన పైవాటా టీచరమ్మని కూడా గేటు దగ్గర ఆపి కూర్చోబెట్టాడు. ఆవిడ బ్యాటరీ వంక చాలాసేపు గుర్రుగా చూసి, చివరికి పెట్టె పట్టుకుని మళ్లీ పైకి వెళ్లిపోయింది. ఏమన్నా అంటే, "బస్సు టైము దాటించేశాడు ఈ మహానుభావుడు" అంది.

"ల్యాబులో పొద్దుట కూర్చుంటే సాయంత్రందాకా కదలని మనిషి, ఇంట్లో ఈ తిప్పలేమిటో" అని అత్తగారు విసుక్కునేది. ఆ మాట అన్నప్పుడల్లా కిటికీ వైపు చూసేది.

బండ్లున్నవాళ్లకి ఆయనతో ఇంకో రకం తంటా. పూలకొట్టు ఆవిడ బండి దిగీ దిగగానే ప్లగ్గు పట్టుకుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఇప్పుడే నడిపి వచ్చావు, బ్యాటరీ ఒళ్లు కాలిపోతూ ఉంటుంది. చల్లారనివ్వు. నువ్వు పరుగెత్తుకొచ్చి, ఊపిరైనా తీసుకోకుండా భోజనానికి కూర్చుంటావా?"

"కూర్చుంటానండీ."

"అందుకే నీకు గ్యాసు."

ఇంకోసారి ఆవిడ తమ్ముడి ఛార్జరు తెచ్చింది. పిన్ను సరిపోయింది కదండీ అంది.

"పిన్ను సరిపోతే సరిపోతుందా? నీ తాళంచెవి పక్కింటి తలుపులో దూరిందని ఆ ఇంట్లో కాపురం పెట్టేస్తావా? బ్యాటరీ ఒకటి, ఛార్జరు ఒకటి కలిపి పరీక్ష చేసి ఇచ్చారు. వాటిని విడదీయకు. ఉబ్బిందా, వాసన వచ్చిందా, కింద పడిందా, వాడకు. గుడ్డ కప్పకు. మెట్ల కింద పెట్టకు. ఇంకేమన్నా ఉంటే రేపు చెప్తాను."

"రేపు నేను రానండీ" అని ఆవిడ దణ్ణం పెట్టేసింది.

నవ్వుకునే రోజులు అంతవరకే. ఆయన కొడుకు ఎలక్ట్రిక్ బండి మీద క్లినిక్కుల నుంచి పెద్ద ల్యాబుకి రక్తం సీసాలు చేరవేసేవాడు. ఒక మామూలు ఉదయం, ఒక క్లినిక్కు గుమ్మం ముందు బండికి స్టాండు వేసి, హెల్మెట్ తియ్యకుండానే కుప్పకూలిపోయాడు. గుండె ఆగిపోయింది. సంచిలో రక్తం సీసాలన్నీ క్షేమంగా ఉన్నాయి. వేళకి ల్యాబుకి చేరాయి కూడా, ఎవరో చేర్చారు.

శవాన్ని ఇంటికి తెచ్చిన రోజున కొడుకుతో పనిచేసేవాడొకడు లోపలికి రాలేక, వెనక్కి పోలేక, గేటు పట్టుకుని వణికిపోతూ నిలబడ్డాడు. పెద్దాయన వెళ్ళి అతని భుజం పట్టుకుని, "నాయనా, అక్కడ నా ఫోను ఛార్జింగ్‌లో ఉంది. కాస్త కూర్చుంటావా?" అన్నాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. శవం ముందు కూడా ఈయన పిచ్చి ఈయనకేనా అనుకున్నారు. కోడలికి కూడా ఆ క్షణాన ఒళ్లు మండిపోయింది. అంత దుఃఖంలోనూ ఆ కోపం గుర్తుండిపోయింది.

తర్వాత ఆ బండి, ఆ సంచి, ఆ ఉద్యోగం ఆమెకి వచ్చాయి. పొద్దున్నే ఒక విడత తిరిగి వచ్చేది, సాయంత్రం ఇంకో విడత వెళ్లేది. మధ్యలో ఇంట్లో ఉన్నంతసేపూ నిలబడే ఉండేది. తోమిన గిన్నెలు మళ్లీ తోమేది, తుడిచిన నేల మళ్లీ తుడిచేది. "కాసేపు నడుం వాల్చమ్మా" అని అత్తగారు అంటే, "ఇదిగో, వాలుస్తానత్తయ్యా" అని చీపురు అందుకునేది. కూర్చుంటే అతను గుర్తొస్తాడని ఆమెకి భయం. పడుకుంటే నిద్ర రాదని తెలుసు. కళ్ల కింద నల్లటి గుంతలు పడ్డాయి. ఒకరోజు బండి మీద వస్తూ కునికిపాటు పడి, లారీ హారను మోతకి ఉలిక్కిపడి తేరుకుంది. ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. అత్తగారూ మావగారూ నవ్వలేదు.

ఇంతలో పక్క బిల్డింగు తగలబడింది. మెట్ల కింద ఎవరో బండి ఛార్జింగ్ పెట్టుకున్నారు. బ్యాటరీ ఎక్కడో విప్పి అతికించినది, ఛార్జరు వేరే బండిది. పట్టపగలే అంటుకుంది. దిగడానికి ఉన్నవి ఆ మెట్లే. పొగ పైకి ఎక్కింది, మనుషులు కిందికి దిగారు. కొందరు మెట్ల మధ్యలోనే ఉండిపోయారు. వాళ్లలో ఒకడు ఈ బిల్డింగు సంఘం అధ్యక్షుడి తమ్ముడు. అధ్యక్షుడికి వీధి చివర కళ్లజోళ్ల షాపు ఉంది. రోజంతా ఊరందరి కళ్లూ చూసేవాడు, ఆ తర్వాత కొన్నాళ్లు షాపు తియ్యలేదు. పెద్దాయన ఆ కాలిన మెట్లు చూసి వచ్చి, ఆ రోజు ప్లగ్గులో ఏమీ లేకపోయినా స్టూలు మీదే కూర్చున్నాడు.

కళ్లజోళ్లాయన షాపు తెరిచిన రోజే సంఘం మీటింగు పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"బ్యాటరీ బండి ఒక్కటి కూడా ఇక ఈ గేటు లోపల ఉండకూడదు."

పూలకొట్టు ఆవిడ అప్పటికే బండి అమ్మేసింది. కోడలొక్కతే లేచి నిలబడింది.

"బయట పెడితే ఎత్తుకుపోతారండీ. బండి లేకపోతే నన్ను పనిలోంచి తీసేస్తారు. మా ముగ్గురికీ అదే ఆధారం."

"ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుందమ్మా" అన్నాడు ఆయన. ఏది పోతే ఇంకోటి రాదో అక్కడున్న అందరికీ తెలుసు.

పెద్దాయన చెయ్యెత్తాడు. "అయ్యా, మెట్ల దగ్గరంటే నేనే ఒప్పుకోను. ప్రహరీ గోడవార రేకుల పంచ ఉంది. మూడు పక్కలా గాలి, కిందంతా సిమెంటు. మా వాడి బండికి సర్టిఫికెట్ ఉంది, బ్యాటరీ దాందే, ఛార్జరూ దాందే. వెలుతురు ఉండగానే పెడతాం. పక్కన నేను కూర్చుంటాను."

"ఎంతసేపు?"

"అయ్యేంతసేపు."

"నిద్రొస్తే?"

"రాదండీ, పెళ్లినాటి నుంచీ చూస్తున్నా" అంది వెనక నుంచి అత్తగారు. ఒకరిద్దరు నవ్వారు. కళ్లజోళ్లాయన నవ్వలేదు.

"సరే. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ పక్కన మనిషి ఉండాలి, మెలకువగా ఉండాలి. ఒక్కసారి తప్పినా బండి బయటికే. నేను వచ్చి చూస్తాను. ఎప్పుడొస్తానో చెప్పను."

అన్నట్టే వచ్చేవాడు. గేటు చప్పుడు కాకుండా తోసి, గోడ పక్కగా నడిచి వచ్చి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఎప్పుడు చూసినా స్టూలు మీద మనిషి ఉండేవాడు.

మధ్యాహ్నాలు ఆ మనిషి కోడలు. ఆమె పొద్దుటి విడత ముగించుకుని రాగానే పెద్దాయన బ్యాటరీ ఊడదీసి సిమెంటు దిమ్మ మీద పెట్టి, చల్లారనిచ్చి, ఛార్జింగ్ పెట్టి కాపలా కూర్చునేవాడు. ఆమె ఇంటి పనంతా ఒకసారి చేసి, రెండోసారి మొదలుపెట్టబోయే వేళకి పంచలోంచి పిలుపు వచ్చేది.

"అమ్మాయ్! నేను లోపలికి వెళ్లాలి. కాస్త కూర్చో. ఇంకా కొంచెం మిగిలింది."

ఉద్యోగానికి ఆధారమైన బండి కదా, చీపురు పడేసి పరుగెత్తేది. మొదటి రోజే ఆమెకి కూర్చునే పద్ధతి నేర్పాడు. "చూస్తూ ఉండు. వాసన వస్తుందేమో గమనించు. చెయ్యి మాత్రం వెయ్యకు, కాపలా ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, అది ల్యాబు రూలు. ఛార్జరు లైటు వంక అసలు చూడకు. లైటుని నమ్మి కళ్లు మూసుకున్నవాళ్లు చాలామంది." అంటూ ఛార్జరు మొహాన్ని గోడవైపు తిప్పేశాడు. స్విచ్చు బోర్డు ఎలాగూ స్టూలుకి వెనకే ఉంది.

కూర్చోవడం తప్పనిసరి అయ్యేసరికి ఆమె కూర్చుంది. చూడటమే పని అయ్యేసరికి గిన్నెలు గుర్తు రాలేదు. అతను గుర్తొచ్చాడు. వస్తే ఏమవుతుందోనని ఇన్నాళ్లూ భయపడింది గానీ, బ్యాటరీ వంక చూస్తూనే కళ్లు తుడుచుకోవచ్చని ఆ పంచలోనే తెలిసింది. అడిగేవాళ్లు లేరు, ఓదార్చేవాళ్లు లేరు. మావగారు లోపలికి వెళితే ఆమె సాయంత్రం విడతకి బయల్దేరే వేళ దాకా తిరిగి వచ్చేవాడు కాదు.

అన్నిసార్లు, అంతంతసేపు లోపలికి వెళ్లే మనిషిని చూసి ఆమెకి కంగారు పుట్టింది. షుగరో, ఇంకేదన్నానో అని అనుమానం. ఆయన వద్దు వద్దంటున్నా చిన్న సీసా చేతికిచ్చి, రక్తం కూడా తీయించి, తన సంచిలోనే పెట్టుకుని, తన బండి మీదే ల్యాబుకి చేర్చింది. ఏ లోపమూ లేదని చెప్పారు. మూత్రపిండాలు కుర్రవాడివిలా ఉన్నాయన్నారు.

"మరి ఊరికే లోపలికి ఎందుకు వెళ్తున్నారు మావయ్యా?"

"వయసమ్మా" అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ. అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం కోడలు స్టూలు మీద కూర్చుని, వెనక గోడకి తల ఆనించింది. ఒక్క క్షణమనుకుంది. రేకుల మీద పావురాల చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"ఇదేనా కాపలా?"

కళ్లు తెరిచేసరికి ఎదురుగా కళ్లజోళ్లాయన. నోరు తెరుచుకుని, మెడ వాల్చుకుని తను ఎంతసేపు పడుకుందో తెలియదు. ఎండ గోడ దిగి దిమ్మ మీదకి వచ్చేసింది. దిమ్మ మీద బ్యాటరీ అలాగే ఉంది. ఆమె గబుక్కున లేచి నిలబడింది. బండి పోయింది, ఉద్యోగం పోయింది, అతని చేతులు పట్టుకున్న హ్యాండిల్ కూడా పోయింది.

"తప్పు నాదేనండీ. ఆయన్నేమీ అనకండి. ఒక్కసారికి..."

"మా వాళ్లకి ఆ ఒక్కసారే చాలలేదూ?" అన్నాడు ఆయన. "నేను చెప్పాను. ఒక్కసారి తప్పినా బయటికే అని చెప్పాను."

లోపల్నుంచి పెద్దాయన చెప్పులైనా వేసుకోకుండా వచ్చాడు. కోడలి ముఖం చూశాడు, కళ్లజోళ్లాయన ముఖం చూశాడు.

"అయ్యా, ఒక్కసారి ఇటు పక్కకి రండి. మీకొక మాట చెప్పాలి."

"చెప్పేదేదో ఇక్కడే చెప్పండి."

"ఇక్కడ చెప్పేది కాదండీ."

"అయితే వినేదీ కాదు. బండి తీయించండి."

పెద్దాయన నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. చెబితే ఒకటి పోతుంది, చెప్పకపోతే ఇంకొకటి పోతుంది అన్నట్టు కోడలి వంకా బండి వంకా మార్చి మార్చి చూశాడు. అప్పుడు కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది.

"ప్లగ్గు చూడవయ్యా, ప్లగ్గు!" అరిచింది అత్తగారు. "ఈయన చెప్పి చావడు. స్టూలు వెనక్కి వెళ్ళి చూడు!"

కళ్లజోళ్లాయన చూశాడు. కోడలూ వెనక్కి తిరిగి చూసింది. స్విచ్చు కట్టేసి ఉంది. ప్లగ్గు ఊడదీసి, తీగ చుట్ట చుట్టి, నేల మీద పొందికగా పెట్టి ఉంది. ఆమె రూలు మర్చిపోయి బ్యాటరీ మీద చెయ్యి వేసింది. పూర్తిగా చల్లారిపోయి ఉంది.

"ఛార్జింగ్ ఎప్పుడు అయిపోయింది మావయ్యా?"

"నిన్ను పిలవకముందే."

"నిన్న?"

"నిన్నా అంతే."

"మరి ఇన్నాళ్లూ నేను దేనికి కాపలా కాశాను?"

"దేనికీ లేదమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "ప్లగ్గులో ఉన్నదాన్ని వదిలి నేను ఏనాడూ లేవలేదు. ఎవరిని కూర్చోబెట్టినా ప్లగ్గు తీసే లేచాను. అలసిపోయినవాళ్లని కాస్త కూర్చోమంటే కూర్చోరు, పనుందంటారు. పని చెబితే కూర్చుంటారు. నువ్వు లారీ సంగతి చెప్పిన రోజు నుంచీ నాకు ఇంకో దారి తోచలేదు."

"లోపలికొచ్చి ఏం చేస్తాడనుకున్నావు?" అంది కిటికీలోంచి అత్తగారు. "ఇదిగో, ఇక్కడే నిలబడి నిన్ను చూస్తూ ఉంటాడు. నన్ను గిన్నె చప్పుడు కూడా చెయ్యనివ్వడు."

కోడలికి మొదట కోపం వచ్చింది. చీపురు పడేసి పరుగెత్తిన పరుగులన్నీ గుర్తొచ్చాయి. తర్వాత గేటు పట్టుకుని వణికినవాడు గుర్తొచ్చాడు, అతని భుజం మీద మావగారి చెయ్యి గుర్తొచ్చింది. ఆ తర్వాత తను స్వయంగా మోసుకెళ్లిన చిన్న సీసా గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోలేకపోయింది. అతను పోయాక ఆ ఇంట్లో ఆమె నవ్వు వినపడటం అదే మొదలు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి గానీ నవ్వే పైకి వచ్చింది.

"నా మూత్రపిండాలు కుర్రవాడివని నేను చెప్పానుగా" అన్నాడు ఆయన.

"మీరు చెప్పలేదు, ల్యాబు చెప్పింది!"

ఛార్జింగ్‌లో లేనిదాని పక్కన ఎవరు నిద్రపోయినా షరతు తప్పినట్టు కాదు. బండి ఉంటుందని కళ్లజోళ్లాయన నోటితో అనలేదు గానీ, బయటికని కూడా మళ్లీ అనలేదు. వచ్చిన పని అయిపోయినా కదలకుండా నిలబడ్డాడు. షాపుకి వెళ్లాలి, ఇంటికి వెళ్లాలి, ఎటూ వెళ్లాలని లేనట్టు ఆ దిమ్మనే చూస్తున్నాడు. కళ్లు ఆ రోజు కూడా ఎర్రగానే ఉన్నాయి.

పెద్దాయన కాసేపు ఆయన్ని గమనించాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నేను ఒకసారి లోపలికి వెళ్ళి రావాలి. ఓ రెండు నిమిషాలు కూర్చుంటారా?"

"దేనికి? అది ఛార్జింగ్‌లో లేదుగా."

"లేదండీ."

కళ్లజోళ్లాయన ప్లగ్గు వంక చూశాడు. స్టూలు వంక చూశాడు. ఏమనుకున్నాడో, మెల్లగా వచ్చి కూర్చుని, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం విడతకి వేళైంది. కోడలు కళ్లజోళ్లాయన ముందు నుంచి బ్యాటరీ తియ్యాలంటే మొహమాటపడింది. "పర్వాలేదు, తీసుకెళ్లమ్మా. నేను చూస్తూ ఉంటాను" అన్నాడు ఆయన.

బ్యాటరీ బిగించి, సంచి తగిలించుకుని, గేటు దాటుతూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగింది. పంచలో గుండ్రటి స్టూలు మీద మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కళ్లజోళ్లాయన ఖాళీ దిమ్మకి కాపలా కాస్తున్నాడు. ఆయన భుజాలు కొద్దిగా కదులుతున్నాయి. వంటింటి కిటికీలో రెండు తలలు కనిపించాయి. అందులో ఒకటి రెండోదాన్ని చప్పుడు చెయ్యొద్దని గదమాయిస్తోంది.